గంధపు బిళ్ళ ఆత్మకథ

"నేను, నేను" అని చెప్పుకోవడం ఈ మైసూర్ శాండల్ బిళ్ళకి మొహమాటం. అందుకే తన కథని పక్కింటివాళ్ళ కథలా చెబుతుంది. ప్రస్తుత నివాసం హైదరాబాదు ఎస్.ఆర్. నగర్‌లో ఒక బాయ్స్ హాస్టల్, మూడో అంతస్తు, మూత విరిగిన సబ్బుపెట్టె. ఒంటిమీది శరభం, అంటే ఏనుగు తల, సింహం ఒళ్ళు ఉన్న ఆ జంతువు, తొండం దాకా అరిగిపోయింది. కోచింగ్ కుర్రాడు జిరాక్సు దగ్గర రూపాయికి బేరమాడతాడు గానీ సబ్బు దగ్గర రాజీపడడు.

వంశం పెద్దదే. ఒకప్పుడు మైసూరు గంధపు చెక్క ఓడలెక్కి యూరప్ వెళ్ళేది, నూనె అక్కడ తీసేవారు. 1914లో యుద్ధం రావడంతో ఎగుమతి ఆగింది, దుంగలు పేరుకుపోయాయి. అప్పటి దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఆయన ఇంటిపేరు గిద్దలూరు వైపు ఊరిది. 1908 మూసీ వరద తర్వాత గండిపేట చెరువుకి పథకం వేసిచ్చిందీ ఆయనే. ఆ లెక్కన హైదరాబాదుతో తనది పాత చుట్టరికమని బిళ్ళ వాదన.

ఆ దివాను హయాంలోనే 1916లో బెంగళూరులో నూనె తీయడం మొదలైంది, 1918లో సర్కారు సబ్బు ఫ్యాక్టరీ వచ్చింది. ఎస్.జి. శాస్త్రి అనే ఆయన్ని ఇంగ్లండు పంపి పని నేర్పించారు. ఆయన 'సబ్బు శాస్త్రి' అయిపోయాడు. మైసూరు గంధంతోనే చేసిన సబ్బుని విదేశీ అతిథులు తెచ్చి మహారాజుకే కానుకిచ్చారనీ, ఆయనకి పౌరుషం వచ్చిందనీ ఒక కథ ఉంది. ఎంత నిజమో గానీ బిళ్ళ దాన్ని చచ్చినా వదలదు.

1980లో ఫ్యాక్టరీ కర్ణాటక సోప్స్ అండ్ డిటర్జెంట్స్ లిమిటెడ్ అయింది. 2006లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2012లో పుట్టిన 'మిలీనియం' అనే చుట్టం ధర అప్పట్లోనే 720 రూపాయలు! హాస్టల్ గడప తొక్కే రకం కాదది.

దొంగ చుట్టాలూ ఉన్నారు. 2024 జనవరిలో మలక్‌పేటలో నకిలీ బిళ్ళల తయారీ బయటపడింది, దాదాపు 2 కోట్ల సరుకు. బిళ్ళకి కోపం రావాలి, కానీ లోలోపల కాస్త గర్వం. గిరాకీ లేని సరుకుకి నకిలీ ఎవడు చేస్తాడు?

మొన్న ఆదివారం కుర్రాడు కొత్తది తెచ్చాడు. చింతగింజంతైన పాతదాన్ని తడిపి కొత్తదాని వీపుకి అతికించాడు. ఖాళీ అట్టపెట్టె మాత్రం పారెయ్యలేదు, సూట్‌కేసులో చొక్కాల మధ్య దోపాడు.