రుద్దండి, బొమ్మ వస్తుంది!

ఎండలు ముదిరాయో లేదో, ఫోన్ తెరిస్తే చాలు, ఎవరో ఒక కుర్రాడు స్క్రూడ్రైవర్ పట్టుకుని ‘పది నిమిషాల్లో మీ పీసీ మీరే క్లీన్ చేసుకోండి’ అంటూ ప్రత్యక్షం. వెనక పాట. ఫ్యాన్ ఊడుతుంది, దుమ్ము లేస్తుంది, ఫ్యాన్ బిగుస్తుంది, రంగుల లైట్లు వెలుగుతాయి. మధ్యలో ఎక్కడో వీడియోకి చిన్న కత్తిరింపు పడుతుంది. మన ఆదివారం మొత్తం ఆ కత్తిరింపులోనే పోతుంది.

మన ఇంట్లోనూ ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లూ వెలుగుతాయి. మానిటర్ మాత్రం ‘నో సిగ్నల్’ అనేసి నిద్రపోతుంది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ బజారులో ఈ జబ్బు పేరు ‘నో డిస్‌ప్లే’. ఈ కబురు పొరపాటున కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టామా, వైద్యులు క్యూ కడతారు. అందరిదీ ఒకటే చీటీ: “బావా, ర్యామ్ తీసి ఎరేజర్‌తో రుద్దావా?”

ఈ ఎరేజర్ వైద్యం గురించి కాస్త తీరిగ్గా మాట్లాడుకోవాలి. జలుబుకీ తలనొప్పికీ పంటినొప్పికీ ఒకటే సీసా అని మన జిందా తిలిస్మాత్‌ని ఆటపట్టిస్తారు గానీ, ఎరేజర్ ముందు అది ఏ మూలకి? బొమ్మ రాకపోతే ఎరేజర్. స్విచ్ నొక్కితే ఉలుకూ పలుకూ లేకపోయినా ఎరేజర్. ఎస్ఎంపీఎస్ వెనక స్విచ్ ఆఫ్‌లో ఉన్నా సరే, ముందు ర్యామ్ రుద్దాల్సిందే. ఇందులో శాఖాభేదాలు కూడా ఉన్నాయి. తెల్ల రబ్బరే వాడాలని ఒక శాఖ, పెన్సిల్ వెనక రబ్బరు చాలని ఇంకో శాఖ. రుద్దాక నోటితో ఉఫ్‌మని ఊదడం మాత్రం ఉభయులకూ సమ్మతం. తుంపర్లు ఉచితం.

ర్యామ్ అంచున మెరిసే ఆ పసుపు పళ్లకి ఉన్నది సన్నటి బంగారు పూత. చిలుము పట్టకుండా వేసిన పూత అది. దాన్ని మనం పట్టుబట్టి అరగదీస్తాం. అరిగిన చోట కింది లోహానికి చిలుము పడుతుంది. చిలుము పడింది కాబట్టి మళ్లీ రుద్దుతాం.

‘మా పీసీ రుద్దాకే వచ్చిందండీ’ అంటారు. రాదా మరి! ర్యామ్ పీకి మళ్లీ గట్టిగా నొక్కారు గనక వచ్చింది. మొదటిసారి ఒక చివర లాకు పడింది, రెండో చివర గోరంత లేచే ఉంది. ‘టక్’మన్న చప్పుడు రెండువైపులా వినకుండానే మూత వేసేశారు. పని చేసింది బొటనవేలు, శాలువా రబ్బరుకి.

ప్రాసెసర్ పక్కన ఎనిమిది పిన్నుల పవర్ వైరు గుచ్చడం మరిచారా అని ఒక్క బావా అడగడు. అది లేకపోయినా ఫ్యాన్లు తిరుగుతాయి, బొమ్మే రాదు. గ్రాఫిక్స్ కార్డు పెట్టి మానిటర్ వైరు బోర్డుకి తగిలించేవాళ్లు వేరే. డీడీఆర్5 బోర్డు అయితే, బ్యాటరీ తీసి పెట్టాక మొదటిసారి ర్యామ్‌ని సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకోవచ్చు. మనవాళ్లు అంతవరకు ఆగరు, ప్లగ్గు పీకేస్తారు.

అయినా ఇలా చీకట్లో తడుముకోవాల్సిన ఖర్మ మనకెందుకు? 1981 నాటి ఐబీఎం పీసీ ఆన్ కాగానే తనను తాను పరీక్షించుకుని, అంతా బాగుంటే ఒక్క చిన్న బీప్ ఇచ్చేది. తేడా ఉంటే బీప్ మారేది. ఇప్పుడు చాలా బోర్డుల మీద బజర్‌కి పిన్నులున్నాయి, డబ్బాలో బజర్ లేదు. కోటీ అరవై ఏడు లక్షల రంగులు చూపిస్తామని అట్ట మీద అచ్చు వేస్తారు, ర్యామ్ సరిగా కూర్చోలేదని చెప్పడానికి మాత్రం నోరు రాదు. రెండంకెల కోడ్ చూపే బుల్లి తెర కావాలంటే సాధారణంగా ఖరీదైన బోర్డే కొనాలట. చవక బోర్డు కొన్నవాడికి తన యంత్రానికి ఏమైందో తెలియనక్కర్లేదా? ఇది పిసినారితనం కూడా కాదు, నిర్లక్ష్యం. కొన్ని బోర్డుల మీద సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు చిన్న లైట్లు పెడుతున్నారు. వాళ్లకి పుణ్యం ఉంటుంది. పవర్ బటన్ వైర్లేమో ఇప్పటికీ చాలా క్యాబినెట్లలో విడివిడి ముక్కలే, వాటి మీద చీమ తలంత అక్షరాలే.

యంత్రం నోరు మెదపదు కాబట్టి షాపువాడు మాట్లాడతాడు. నా క్యాబినెట్ బల్ల మీద పెట్టగానే, మూత తీయకుండా, పక్కవాడితో క్రికెట్ స్కోరు మాట్లాడుతూనే ‘బోర్డు పోయింది సార్, మార్చేద్దాం’ అన్నాడొకడు.

మీరు అంత దూరం పోకముందు ప్లగ్గు తీసి, ప్రాసెసర్, దాని ఫ్యాన్, ఒకే ఒక్క ర్యామ్, పవర్ వైర్లు మాత్రం ఉంచండి. ప్రాసెసర్‌లో సొంత గ్రాఫిక్స్ లేకపోతే కార్డు కూడా ఉండాలి. అప్పుడు ఆన్ చేయండి. బొమ్మ వస్తే, ప్రతిసారీ ప్లగ్గు తీసి మిగతావి ఒక్కొక్కటే కలపండి. ఏది కలిపాక ఆగిందో అదే దొంగ. అప్పటికీ రాకపోతే షాపుకి వెళ్లండి. మూత తీయకుండానే బోర్డు పోయిందంటే మాత్రం, మీ క్యాబినెట్ మీరు పట్టుకుని బయటికి వచ్చేయండి.