గడప చతుస్సూత్రి: సటీకా తాత్పర్యం

కాళిదాసుకు మల్లినాథ సూరి దొరికాడు. మెదక్ దగ్గరి కొల్చారం వాడైన ఆ మహానుభావుడు సంజీవని పేరిట టీక రాసిపెట్టకపోతే రఘువంశం ఎంతమందికి కొరుకుడుపడేదో! వీధితలుపు వెనక సుద్దముక్కతో రాసిన నాలుగు వాక్యాలకు అంతటి యోగం లేదు. దొరికిన వ్యాఖ్యాతతోనే సరిపెట్టుకోవాలి.

మూలం

పంపులో నీళ్లు పోసి కొట్టండి.
చెప్పులు దులిపి వేసుకోండి.
గేటు గొళ్లెం పెట్టండి.
పిల్లల్ని లెక్కపెట్టండి.

అవతారిక

సూత్రకర్త్రి బడిపంతులమ్మ. కాకినాడ నుంచి కోనసీమకు, గౌతమికీ వసిష్ఠకీ నడుమనున్న ఒక చిన్న ఊరి పక్కకు బదిలీ అయింది. అత్తగారి పుట్టింటివైపు నుంచి వచ్చిన 3 సెంట్ల స్థలం, పట్నం లెక్కలో 145 గజాలు, ఆ ఊళ్లో ఉండనే ఉంది. అద్దె దండగెందుకని, వానొస్తే నీళ్లు నిలిచే నేల గనక ముందు మెరక తోలించి, ఇల్లు లేపారు. రెండు గదులు, వంటగది, ముందు వసారా. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెను కలుపుకుంటే గదులు మూడు. పిల్లలు కలుపుకుంటున్నారు. దానికి కత్తెరతో కిటికీ కోశారు, కిటికీకి తల్లి పాత చున్నీ కట్టారు, లోపలికి రావాలంటే తలుపు కొట్టమంటున్నారు. కొట్టడానికి తలుపు లేదన్న అభ్యంతరం అక్కడ చెల్లదు.

గృహస్థు లాప్‌టాప్ ముందు కూచుని ఇంటినుంచే ఉద్యోగం చేస్తాడు. సూత్రకర్త్రి ఏడున్నర బస్సుకు వెళ్లేవేళకు ఆయన ఇంకా లేవడు. సూత్రాల పుట్టుకకు హేతువిదే. వ్యాఖ్యాతకు ఆ గృహస్థుతో బాగా దగ్గరి పరిచయం. ఎక్కడైనా పక్షపాతం కనబడితే పాఠకులు సర్దుకోవాలి.

చతుస్సూత్రి అనే పేరు బ్రహ్మసూత్రాల్లో మొదటి నాలుగింటికి ఉంది. వాటిని శంకరభాష్యంతో విడిగా పాఠం చెప్పుకోవడం సంప్రదాయం. అక్కడ బ్రహ్మ జిజ్ఞాస, ఇక్కడ బిందెడు నీళ్లు.

గ్రంథాదిని మంగళం ఉండాలంటారు. ఉంది. పాలు పొంగాయి. ఇటుకల పొయ్యి మీద పొంగిద్దామని అత్తగారు, గ్యాసు పొయ్యి చాల్లే అని గృహస్థు. గృహస్థు మాటే నెగ్గింది. పొంగిన పాలు బర్నరు చిల్లుల్లోకి దిగి మాడి మూసేశాయి. కాబట్టి కొత్తింట్లో తొలి భోజనం పక్కింటి నుంచి, అరటాకులో, ముక్కలపులుసుతో సహా వచ్చింది. ఇంతకంటే మంగళం ఏముంటుంది?

ఇక "అండి". ఇది ఎవర్ని ఉద్దేశించింది? భర్తకూ చెల్లుతుంది, అత్తగారికీ చెల్లుతుంది గదా అని పూర్వపక్షం. కాదు. అత్తగారు ఈ నేల మీద పుట్టి పెరిగిన మనిషి. తలుపు వెనక రాత చూసి, "పంపులో నీళ్లు పొయ్యమని కూడా రాయాలేంటే!" అని నవ్వి పెరట్లోకి వెళ్లిపోయింది. అధికారి నిర్ణయం దీంతో ముగిసింది.

ప్రథమ సూత్రం: పంపులో నీళ్లు పోసి కొట్టండి

పంపు అనగా చేతిపంపు, ఊళ్లోవాళ్ల మాటలో బోరింగు. మోటారు ఉంది, కానీ కరెంటు ఉన్నప్పుడే ఉంది.

పూర్వపక్షి లేచాడు: "పంపు కొట్టేది నీళ్ల కోసం. పంపు కొట్టాలంటే ముందు నీళ్లు పొయ్యాలి. నీళ్లు రావాలంటే నీళ్లుండాలి. ఇది శుద్ధ అన్యోన్యాశ్రయ దోషం. దోషం ఉన్న సూత్రం అప్రమాణం." ఈ వాదం చేసినవాడు చేతిలో ఖాళీ చెంబుతో, నోట్లో పేస్టు నురగతో, ఒట్టి పంపును గిజగిజా కొడుతూ చేశాడు. పంపు లోపల్నుంచి ఉబ్బసం రోగిలా గాలి పీల్చింది. అంతకుమించి పలకలేదు.

సిద్ధాంతం. పంపు లోపల కడ్డీ చివర తోలు వాషరుంటుంది. రాత్రంతా వాడకపోతే అది ఎండి ముడుచుకుంటుంది. పక్క సందుల్లోంచి గాలి జారిపోతుంటే ఎంత కొట్టినా లోపల శూన్యం ఏర్పడదు. పైనుంచి చెంబెడు నీళ్లు పోస్తే వాషరు నాని ఉబ్బుతుంది, సందు మూసుకుంటుంది. అప్పుడు కడ్డీ లేచినప్పుడల్లా కింద పీడనం తగ్గి, భూమ్మీది గాలి బరువే నీటిని గొట్టంలోకి పైకి నెడుతుంది. మనం లాగుతున్నామనుకోవడం భ్రాంతి. ఈ గాలి బరువుకైనా ఒక హద్దుంది. లెక్కప్రకారం పది మీటర్లు, వాడుకలో ఏడు దాటితే కష్టం. డెల్టాలో నీళ్లు పైపైనే ఉంటాయి గనక ఈ పంపు నడుస్తోంది. అదే అనంతపురం వైపు మెట్టలో దీన్ని పాతితే తులసికోట పక్కన అలంకారానికి పనికొస్తుంది.

దోషం మాటేమిటి? అన్యోన్యాశ్రయం కాదు, బీజాంకుర న్యాయం. విత్తు నుంచి మొక్క, మొక్క నుంచి విత్తు. నిన్నటి నీళ్లతో నేటి నీళ్లు. రాత్రి పడుకునేముందు ఒక చెంబు నింపి, మూతపెట్టి, పంపు పక్కన ఉంచాలి. సూత్రంలో లేని ఈ విషయాన్ని అధ్యాహారం చేసుకోవాలి.

అధ్యాహారం చేసుకున్న మర్నాడే చెంబు ఖాళీ. ఆరేళ్ల కొడుకు తెల్లారకముందే లేచి, గోడ మీది నత్తకు తలంటు పోశాడు. గృహస్థు పక్కింటికి బిందె పట్టుకెళ్లాడు. "చెంబు నీళ్లకి బిందెందుకండీ! ఆయ్, కూచోండి, కాఫీ తాగి పట్టుకెళ్దురుగాని." ఎనిమిదింటి మీటింగుకు ఆయన ఎందుకు రాలేదో ఆఫీసువాళ్లకు ఈనాటికీ తెలియదు. చెప్పినా నత్త దగ్గర ఆగిపోతారు.

ద్వితీయ సూత్రం: చెప్పులు దులిపి వేసుకోండి

చెప్పులు ఇక్కడ ఉపలక్షణం. బడి బూట్లు, హెల్మెట్, తీగమీద ఆరేసిన తువ్వాలు, మూల పడేసిన పుస్తకాల సంచి అన్నీ ఇందులోకే వస్తాయి. దులపగా పడేవాటిలో కప్పది మొదటి స్థానం. తర్వాత జెర్రి, ఎప్పుడైనా తేలు.

రాయకుండా ధ్వనింపజేసింది పాము. పిల్లలు భయపడతారని సూత్రకర్త్రి ఆ మాట పైకి అనలేదు. పిల్లలకు భయం లేదు, ఆ సంగతి వేరు. తొమ్మిదేళ్ల కూతురు పక్కింటి తాతగారి దగ్గర కూచుని, జెర్రిపోతుకూ నీరుకట్టెకూ విషం ఉండదని, నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి ఈ నాలుగింటి దగ్గరే జాగ్రత్త అని ఎక్కంలా అప్పజెప్పడం నేర్చుకుంది. ఈ నాలుగింటి విషానికీ కలిపి మనదేశంలో ఒకటే మందు తయారవుతుందని తండ్రి చెబితే, "మరి మంత్రం వేస్తారటగా?" అని అడిగింది. మంత్రం లేదు, కట్టు కట్టడం లేదు, కొయ్యడం లేదు, కదలకుండా ఉంచి నేరుగా ఆసుపత్రికే. వ్యాఖ్యాత ఈ ఒక్క వాక్యంలో హాస్యం వదిలేశాడు.

కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. కరిచినా పెద్దగా నొప్పి తెలియదు, నేలమీద పడుకున్నవాళ్లకు ఒక్కోసారి కరిచిందనే తెలియదు. అందుకని చల్లగా ఉందని గచ్చు మీద చాప వేసుకోవడం ఈ ఇంట్లో నిషేధం. మంచం, దోమతెర, తెర అంచులు పరుపు కిందికి. దోమతెర దోమలకే అనుకునేవాళ్లు పట్నంలో ఉంటారు. ఫ్రిజ్ పెట్టెలో పడుకుంటామన్న పిల్లల అర్జీ కూడా ఈ కారణంగానే కొట్టేశారు. అప్పీలు నడుస్తోంది.

తృతీయ సూత్రం: గేటు గొళ్లెం పెట్టండి

స్పష్టము.

అయినా ఒక్క మాట. గేటు బయటివాటిని ఆపడానికా, లోపలివాళ్లను ఆపడానికా అంటే, మేక విషయంలో మొదటిది, పిల్లల విషయంలో రెండోది. రోడ్డు దాటితే పంటకాలువ. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి ఈ సీమకు అన్నం పెడుతున్నది ఈ కాలువలే. ఎండాకాలం మరమ్మతులకు కట్టేసినప్పుడు ఎంత నంగనాచిలా కనబడతాయో, మళ్లీ వదిలాక అంత లోతు. గొళ్లెం ఎంతైనా ఇనుమే గనక, దానికి తోడుగా పక్కింటి తాతగారు ఆదివారాలు అరటిబోదె కట్టి ఈత నేర్పుతున్నారు. కూతురు తేలుతోంది. కొడుకు ఇంకా బోదెతో మాట్లాడుతున్నాడు.

చతుర్థ సూత్రం: పిల్లల్ని లెక్కపెట్టండి

మొదటి మూడూ దీనికి అంగాలు. ఇదే అంగి.

కాలం చెప్పలేదు గనక దీపాలవేళ అని గ్రహించాలి. బడి నాలుగింటికి వదులుతారు, సూత్రకర్త్రి బస్సు ఆరింటికి. నడుమ రెండు గంటలూ గృహస్థు పూచీ.

"ఉన్నది ఇద్దరు. ఇద్దర్ని లెక్కపెట్టడానికి సూత్రం కావాలా?" అని పూర్వపక్షం. కాకినాడలో మూడో అంతస్తులో అయితే అక్కర్లేదు. ఒకటే తలుపు, మూస్తే లెక్క పూర్తి. ఇక్కడ తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. వసారాలో ఐదుగురు ఉంటారు, పెరట్లో మరో ముగ్గురు, పెట్టెలోంచి నాలుగు కాళ్లు బయటికొచ్చి ఉంటాయి. తలలు లెక్కపెడితే ఎక్కువొస్తాయి. పేర్లు పిలిస్తే మనవాళ్లు తప్ప అందరూ పలుకుతారు. ఒకచోట నిలబడండర్రా అంటే నిలబడతారుగానీ, కొబ్బరిచెట్టు కింద నిలబడతారు. దింపుకు మనుషులొచ్చి నెలన్నర దాటింది, ముదిరిన కాయలు ఎప్పుడు రాలతాయో చెప్పలేం. అక్కణ్ణుంచి జరపడంలో లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

కంచాల లెక్క నికరమని అత్తగారి మతం. ఆకలేస్తే ఎవరిపిల్లలు వాళ్లింటికొస్తారని ఆవిడ ధీమా. ఆ మతాన్ని అనుసరించి ఒక సాయంత్రం గృహస్థు రెండు కంచాల్లో అన్నం కలిపిపెట్టాడు. ఇద్దరూ వచ్చి కూచున్నారు. కరెంటు లేదు. ఒకరికి ఆవకాయ, ఒకరికి పెరుగు. తిన్నారు, చేతులు కడుక్కున్నారు. లెక్క సరిపోయింది. సూత్రకర్త్రి బస్సు దిగి, లాంతరు ఎత్తి చూసి, "మనవాడేడండీ?" అంది.

పెరుగన్నం తిన్నవాడు పక్కింటివాడు.

మనవాడు వాళ్లింట్లో ఉన్నాడు. అక్కడా రెండు కంచాలు పెట్టారు, అక్కడా ఇద్దరు తిన్నారు, అక్కడా లెక్క సరిపోయింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, అక్కడ చేపల పులుసు. వాణ్ణి లాక్కొస్తుంటే ఆ ఇంటావిడ, "ఉండనివ్వండమ్మా, మావాడు అక్కడే ఉన్నాడుగా" అంది. రెండిళ్లలోనూ లెక్క తప్పకుండా పిల్లలు మారిపోవడాన్ని ఏ దోషం కింద జమకట్టాలో వ్యాఖ్యాతకు తర్కసంగ్రహంలో కనబడలేదు.

కాకినాడలో ఈ పిల్లలకు పక్క ఫ్లాటువాళ్ల పేరు తెలియదు. ఇక్కడికొచ్చి నెల తిరక్కముందే వీధిలో ఏ ఇంట్లో ఏరోజు ఏం వండుతారో తెలుసు. పెద్దవాళ్లకు మాత్రం ఇంకా అట్టపెట్టెలు విప్పడమే పూర్తికాలేదు, పప్పుగుత్తి ఎందులో ఉందో తేలలేదు.

పాఠాంతరం

పై సూత్రంలో రెండో అక్షరానికి ఎవరో కొమ్మిచ్చారు. "పిల్లుల్ని లెక్కపెట్టండి" అని ఇప్పటి పాఠం. చేతిరాతను బట్టి కూతురి దిద్దుబాటని తెలుస్తోంది. లేఖకదోషమని కొట్టిపారేద్దామంటే అర్థం కుదురుతోంది. వంటగది అటక మీద, ఇంకా విప్పని పాత్రల పెట్టెలో, ఒక గోధుమరంగు పిల్లి మూడు పిల్లల్ని పెట్టింది. బహుశా పప్పుగుత్తి కూడా అక్కడే ఉంది.

సూత్రకర్త్రి కొమ్ము చెరపలేదు. కిందనే చిన్నక్షరాలతో ఒక వార్తికం చేర్చింది: "పాలు మాత్రం పొయ్యకండి." అప్పటికే గృహస్థు తన కాఫీపాలు ఒక గిన్నెలో పోసి, నిచ్చెనెక్కి ఉన్నాడు. కింద పట్టుకున్న పిల్లలు ఐదుగురు.