కారు అద్దం తిరగకపోతే పైసా ఖర్చు లేని ఉపాయాలు

కారు పక్క అద్దం స్విచ్ నొక్కినా తిరుగుతలేదా? పరేషాన్ కాకండి. మెకానిక్ దగ్గరికి అసలే పోకండి.

1. స్విచ్ గుండీ ఎల్, ఆర్ గుర్తుల నడుమ ఆగిందేమో చూడకండి. నడుమ ఉంటే ఏ అద్దమూ కదలదు, ఇటో అటో తిప్పితే కదులుతుంది. అంత సులువుగా బాగైతే డ్యూటీ ఎగ్గొట్టే సాకు పోయినట్టే. బండి ఖరాబైందని ఫోన్ చేసి పడుకోండి.

2. ఫ్యూజుల డబ్బా మూత మీద ఏది ఎన్ని ఆంపియర్లదో రాసి ఉంటుంది. చదవడం దండుగ. 10 ఆంపియర్లది పోయిన చోట 30ది దిగ్గొట్టండి. దొరక్కపోతే సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టండి. ఇక ఫ్యూజు జన్మలో పోదు, దానికన్నా ముందు వైరే మాడుతుంది. వాసనకు కిటికీ దించాలి, అదీ కరెంటుదే. కాబట్టి ముందే దించి పెట్టుకోండి.

3. డోరు కీలు దగ్గరి రబ్బరు గొట్టంలో వైర్లు తెరిచీ మూసీ తెగుతాయి. అతికించే పని మనకెందుకు? ఆ డోరు తెరవడమే మానండి. అవతలి డోరు నుంచి ఎక్కి, గేరు రాడ్ దాటి జరగండి.

4. అద్దం వెనక రెండు చిన్న మోటార్లుంటాయి. ఒకటి పైకీ కిందికీ, ఇంకోటి పక్కలకు తిప్పుతుంది. కటకటమంటే లోపలి ప్లాస్టిక్ పళ్లు జారుతున్నట్టు. చప్పుడు ఆగేదాకా స్విచ్ వదలకండి. తర్వాత అద్దాన్ని అరచేత్తో నెట్టి, ఫెవిక్విక్ వేసి అంటించండి. మీ మొహం కనబడేటట్టు అంటించండి. వెనక రోడ్డు ఎక్కడికీ పోదు, తల దువ్వుకునే పని రోజూ ఉంటుంది.

5. విజయవాడ హైవే మీద చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి దాటేటప్పుడు బెంగ వద్దు. వెనక లారీ ఉంటే హారన్ కొడుతుంది. కొట్టలేదంటే లారీ లేనట్టే. జడ్చర్ల దగ్గర 44వ నంబరు హైవే మీదా ఇదే లెక్క. బైకు తగిలితే ముందు మీరే దిగి అరవండి.

6. ఇంట్లో అడిగితే బావమరిది మీద పెట్టండి. "మొన్న పెండ్లికి తీస్కపోయిండు గదా" అంటే చాలు.

7. కారును చీకటి పడ్డాకే బేరానికి పెట్టండి. "కంపెనీ సెట్టింగే, ముట్టుకునే పని లేదు" అనండి. ఎవరూ కొనకపోతే వేపచెట్టు కింద వదిలేసి ఆర్టీసీ బస్సెక్కండి. అద్దంలో చూసుకునే బాధ్యత ఇక డ్రైవర్‌దే, మీరు హాయిగా నిద్రపోండి.