పాఠానికి అక్కర్లేని సిగ్నల్

సిగ్నల్ లేని ఊళ్లో చదువెలా అన్న బెంగ మనకిక అక్కర్లేదు. 2023 డిసెంబరు 21న, అంటే అప్పటి ముఖ్యమంత్రి జగన్ గారి పుట్టినరోజున, అల్లూరి జిల్లా చింతపల్లిలో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచారు. బైజూస్ పాఠాలు ముందే ఎక్కించి ఇచ్చారు కాబట్టి నెట్‌తో పనిలేదు. చెట్టుకింద కూర్చున్నా తెరమీద త్రిభుజం గిర్రున తిరుగుతుంది. 2024లో ఆ కంపెనీ దివాలా విచారణకెక్కింది గానీ, ఆ కబురు త్రిభుజానికి అందదు. నెట్ లేదుగా!

పిల్లలు పక్కదారి పట్టకుండా ట్యాబులకు తాళం కూడా వేశారు. ఆ తాళం తీసే కిటుకు ఏ పాఠంలోనూ లేకపోయినా కొందరు పిల్లలు సొంతంగా నేర్చేసుకున్నారు. స్వయం అభ్యసనం అని శిక్షణ తరగతుల్లో ఊదరగొట్టేది దీన్నే కాబోలు.

గూగుల్ వారి రీడ్ అలాంగ్ యాప్ ఇంకా నయం. కథలు ఒకసారి దించుకుంటే చాలు, పిల్ల పైకి చదువుతుంటే దియా అనే బొమ్మ చెవొగ్గి వింటుంది. తడబడిన మాటను పలికి చూపిస్తుంది, అదీ తెలుగులో. విసుక్కోదు, బెత్తం పట్టదు, బదిలీ కోసం ఎమ్మెల్యే ఇంటిచుట్టూ తిరగదు.

చిక్కల్లా మాస్టారితోనే. పాఠం ఆఫ్‌లైన్ అయింది గానీ ఆయన ఆన్‌లైన్‌లోనే ఉండిపోయారు. 2022 ఆగస్టులో ఫోనుకు ముఖం చూపించే హాజరు వచ్చింది. బడి మరుగుదొడ్డి ఫొటో తీసి పంపే పని అంతకుముందే ఉంది. 2024లో కొత్త ప్రభుత్వం ఆ ఫొటో పని రద్దు చేశాక మాస్టార్లు ఊపిరి పీల్చుకున్నారు (ఆ సందర్భానికి ఇంతకన్నా తగిన మాట దొరకలేదు). గుడ్లూ, అన్నం, అటెండెన్సూ ఫోన్లో ఎక్కించే పనులు మిగిలాయి. వాటికోసం మాస్టారు వాటర్ ట్యాంకు మెట్లెక్కుతారు. ఒక గీత కనబడుతుంది. ఊపిరి బిగబట్టి బటన్ నొక్కుతారు. చక్రం తిరుగుతుంది, గీత పోతుంది. ఇంకో మెట్టెక్కుతారు. కింద పిల్లలేమో దియాతో చదువుకుంటూ ఉంటారు.

సిగ్నల్ అందిన పుణ్యానికి ఎంఈవో గారి ఫోనూ అప్పుడే అందుతుంది.

"ఏమండీ మాస్టారూ, మీ బడిలో ఒక్కరూ చదవనట్టు చూపిస్తోందేంటి?"

"చదువుతున్నారు సార్. ఆఫ్‌లైన్‌లో."

"ఆఫ్‌లైన్‌లో చదివితే పైవాళ్లకు నేనేం చూపించను? ఓ పని చెయ్యండి. ఇద్దరిద్దర్ని ట్యాంకెక్కించి చదివించండి."