విశాఖ–టైడా గగనసూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: విశాఖ నుండి టైడాకు గగనదూరము సుమారు 55 కిలోమీటర్లు, విమానమున 4 నిమిషములు.

అవతారిక: ఏ రెండు ఊళ్ళ పేర్లు చెప్పినా దూరమూ కాలమూ తడుముకోకుండా ఒప్పజెప్పే గణకయంత్ర సంప్రదాయంలోది ఈ సూత్రం. అల్లూరి సీతారామరాజు జిల్లా అనంతగిరి మండలంలోని టైడాలో విమానం దిగే చోటు లేదన్న చింత సూత్రకారుడికి లేదు. ఉండనక్కర్లేదు కూడా, ఆయన దిగడు కదా.

టీక: గగనదూరము అనగా భూగోళం మీద రెండు చోట్లను కలిపే అతి దగ్గరి గీత. దానికి కొండలు అడ్డురావు. 4 నిమిషములు అనగా ఆ గీతను గంటకు 800 కిలోమీటర్ల వేగంతో భాగించగా తేలినవి.

శంక: విమానం నేల మీదే 800 అందుకుంటుందా? సమాధానం: అందుకోదు. విశాఖ–హైదరాబాద్ గగనదూరం సుమారు 500 కిలోమీటర్లు. సూత్రం ప్రకారం 38 నిమిషాలు చాలు. టికెట్టు మీద మాత్రం గంట దాటే ఉంటుంది. రన్‌వే దాకా దొర్లడం, పైకెక్కడం, శంషాబాద్‌లో దిగడానికి వంతు రావడం అన్నీ అందులోనే పడతాయి. టైడాకైతే ఎక్కడం పూర్తికాకముందే దిగడం మొదలుపెట్టాలి.

ఇక నేలమార్గం. ఇక్కడ టీకాకారుడు కొంచెం నిలబడక తప్పదు. రోడ్డున శృంగవరపుకోట, బొడ్డవర దాటి ఘాట్ ఎక్కితే సుమారు 75 కిలోమీటర్లు. రైలు సంగతి వేరు. జపాన్‌కు బైలదిలా ఇనుప ఖనిజం పంపడానికి 1960లలో వేసిన కొత్తవలస–కిరండూల్ లైను అది. 58 సొరంగాలు. ఘాట్‌లో వాలు అరవైకి ఒకటి, అంటే మీటరు ఎత్తు ఎక్కాలంటే 60 మీటర్లు ముందుకు పోవాలి. టైడా దాటాక వచ్చే సిమిలిగుడ స్టేషను ఎత్తు సుమారు 996 మీటర్లు. సముద్రమట్టం నుంచి అంత ఎత్తుకు ఆ వాలున పట్టాలు వేస్తే ఎక్కడానికే 60 కిలోమీటర్లు! గీత గీసినవాడికి ఈ లెక్క కనబడదు.

అందుకే పొద్దున్న ఏడింటి ప్రాంతంలో విశాఖలో కదిలిన కిరండూల్ బండి టైడా మీదుగా అరకు చేరేసరికి దాదాపు నాలుగు గంటలు. మధ్యలో ఖనిజం బండికి క్రాసింగ్ పడితే ఆ పైన. తొందరపడేవాళ్ళు తక్కువే. 2017లో వచ్చిన అద్దాల పెట్టెలోనైనా, జనరల్ పెట్టెలోనైనా సొరంగం చీకటి కమ్మగానే పిల్లలూ పెద్దలూ ఒక్కటై కేకలు పెడతారు.

తాత్పర్యం: బండి తలుపు దగ్గర జాగ్రత్త. దారిలో కనబడే కోతులకు పల్లీలు చూపించరాదు.

విశేషం: 4 నిమిషాల్లో వాలిపోతే టైడాలో బొంగు చికెన్ వేడివేడిగా తినవచ్చు కదా అని కొందరు వాదిస్తారు. అది నిలవదు. మసాలా పట్టించిన ముక్కలను పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి, చుక్క నూనె లేకుండా నిప్పుల మీద తిప్పుతూ కాల్చాలి. అరగంటకు తగ్గదు. విమానం ఎక్కుతూ ఫోన్ చేసి చెప్పినా, దిగేసరికి బొంగు ఇంకా పచ్చగానే ఉంటుంది.