మండితేనే మందట!

మనవాళ్లకు మందు మీద గురి కుదరాలంటే అది ఎక్కడో ఒకచోట కాల్చాలి. కషాయం గొంతు దిగనని మొరాయించాలి. సూది చుర్రుమనాలి. మోకాలి దెబ్బకు టింక్చరు రాస్తే కెవ్వుమనాలి. కుంకుడు పులుసు కంట్లో పడి ఇల్లెగిరిపోయేలా ఏడిస్తే తప్ప, మా నాయనమ్మ లెక్కలో తలంటు అయినట్టే కాదు. ఈ శాస్త్రం ఇప్పుడు బట్టతల దాకా పాకింది.

మా మేనల్లుడికి 26 ఏళ్లు, అమీర్‌పేట హాస్టల్లో ఉంటాడు. నుదురు రోజురోజుకీ విశాలమవుతోందని మినాక్సిడిల్ మొదలుపెట్టాడు. మొన్న పండక్కి వస్తే చూశాను. నల్లచొక్కా భుజాల మీద బొంబాయి రవ్వ చల్లినట్టు పొట్టు. మాట్లాడుతూనే పెన్ను మూతతో మాడు గోక్కుంటున్నాడు. జుట్టు పాయ తీసి చూస్తే లోపలంతా ఎర్రగా కందిపోయి, చెవి పైన రెండుచోట్ల రసి కారుతోంది.

"ఏంట్రా ఇది?"

"మంట మావయ్యా. అంటే పనిచేస్తున్నట్టే!"

ఎవరు చెప్పారంటే రూమ్మేటు. వాడికెవరు చెప్పారంటే సెలూన్లో. ఆ పైకి వెళ్తే ఏ ఉపనిషత్తులోనో తేలుతుందని అక్కడితో ఊరుకున్నాను.

అసలా సీసాలో ఏముందో చూద్దాం. మినాక్సిడిల్ పుట్టుకతో జుట్టు మందు కాదు, బీపీ మాత్ర. అమెరికాలో 1979లో అనుమతి వచ్చింది. మింగినవాళ్లకు కోరని చోటల్లా వెంట్రుకలు మొలుస్తుంటే చూసి, తలకు రాసే మందుగా మార్చారు. దానికి 1988లో అనుమతి దొరికింది. చిక్కేమిటంటే, ఈ మందుకు నీళ్లలో సరిగా కరగడం చేతకాదు. అందుకని ఆల్కహాలు, ప్రొపిలిన్ గ్లైకాల్ పోసి కరిగిస్తారు. మాడు మండించి దురదపెట్టేది చాలామందిలో ఈ గ్లైకాలే. అంటే మావాడు నెల రోజులుగా పెళ్లికొడుకని హారతి పడుతున్నది కారు డ్రైవరుకి.

మంట సిద్ధాంతానికి తాతముత్తాతలు లేకపోలేదు. పేనుకొరుకుడు మచ్చ మీద గురివింద గింజ అరగదీసి రాయడం, ఉల్లిపాయ రుద్దడం ఊళ్లో అందరూ ఎరిగినదే. మొండి పేనుకొరుకుడైతే చర్మవైద్యులు కూడా డైఫెన్‌సిప్రోన్ అనే మందు రాసి, కావాలనే ఎలర్జీ తెప్పించడం ఉంది. కానీ అది ఒంటి కాపలావాళ్లే వెంట్రుకల మీద తిరగబడే జబ్బు. మగవాళ్ల బట్టతల సంగతి వేరు. అక్కడ డీహెచ్‌టీ అనే హార్మోనూ, తాతలిచ్చిన వంశపు వాటా కలిసి కుదుళ్లను ఏళ్ల తరబడి చిక్కిస్తూ పోతాయి. చిక్కిపోయిన కుదురు మంట పెడితే ఉలిక్కిపడి లేచి కూర్చోదు.

రూమ్మేటు పాండిత్యం అక్కడితో ఆగలేదు. సూదుల రోలరొకటి ఆ గది మొత్తానికి ఉమ్మడి ఆస్తి. దాంతో మాడు దున్ని, ఆ చాళ్లలోనే మందు పోస్తారు. పొలం మొహం చూడని పిల్లలు నెత్తిమీద చేస్తున్న సేద్యమిది! పొట్టు రాలితే పైన నిమ్మరసం. గీరుకుపోయిన చర్మం మందును మరింతగా లోపలికి పీల్చుకుంటుంది. తాను ఒకప్పటి బీపీ మందునని దానికి అప్పుడు గుర్తుకొస్తే, తల తిరగడం, గుండె దడ. మాడు ఎర్రబడి మండుతుంటే రాయొద్దని డబ్బాలోని కాగితం చెబుతూనే ఉంటుంది. కానీ ఆ కాగితాన్ని మడతలు విప్పి చదివిన మగాణ్ని నేనింతవరకూ చూడలేదు.

ఓర్చుకోవలసింది నిజంగా ఒకటుంది. మొదటి కొన్ని వారాల్లో జుట్టు మామూలు కంటే ఎక్కువ ఊడుతుంది. పాతవి దిగి కొత్తవాటికి చోటిచ్చే తంతు అది, దానంతటదే సర్దుకుంటుంది. మనవాళ్లు సరిగ్గా అప్పుడే బెదిరిపోయి సీసా చెత్తబుట్టలో పారేస్తారు. రసి కారుతుంటే మాత్రం ఉపవాస దీక్షలా కొనసాగిస్తారు!

చర్మం డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లాను. ఆవిడ ముందు సీసా, రోలరు, నిమ్మకాయ అన్నీ బంద్ చేయించారు. మాడు చల్లబడేదాకా పైపూత లోషనొకటి రాసిచ్చి, తర్వాత గ్లైకాల్ లేని ఫోమ్‌కు మార్చారు. ఇలాంటి నురగ మందు అమెరికాలో 2006 నుంచే ఉంది. దీనికీ దురద పుడితే ప్యాచ్ టెస్ట్ చేద్దాం, అప్పుడు తప్పు మినాక్సిడిల్‌దే కావచ్చు అన్నారు. ఫలితం చూడ్డానికి కనీసం నాలుగు నెలలు ఆగమన్నారు. మావాడు తల ఊపాడు, ఈసారి పొట్టు రాలకుండా.

నిన్న ఫోన్ చేశాను. మంట లేదట, దురదా లేదట. గొంతులో మాత్రం ఏదో దిగులు.

"ఏమైందిరా మళ్లీ?"

"అస్సలు మండట్లేదు మావయ్యా. డూప్లికేట్ సరుకు అంటగట్టారంటున్నాడు మా రూమ్మేటు."