మినుకు శాస్త్రం

శాస్త్రమన్నాక ముందు అనుబంధ చతుష్టయం చెప్పాలి. లేకపోతే పండితులు రెండో పేరా దాకా రారు. ఈ శాస్త్రానికి విషయం: 1991 నుంచి 1995 దాకా అమెరికాలో తయారైన జీప్ చెరోకీ అనే బండి డాష్‌బోర్డు మీద పచ్చపచ్చగా వెలిగే ‘చెక్ ఇంజన్’ దీపం. అధికారి: అలాంటి బండి కొన్నవాడు, ముఖ్యంగా కొన్నాక అమ్మలేకపోయినవాడు. ప్రయోజనం: బాగున్న సామాను పీకి పారేసి కొత్తది బిగించకుండా ఉండడం. ఇక సంబంధం. దీపానికీ జబ్బుకూ ఉన్న సంబంధమేమిటన్నదే ఈ శాస్త్రమంతా. దాన్ని పీఠికలోనే తేల్చేస్తే గ్రంథకర్త నోట్లో మట్టి కొట్టినట్టే.

ముందు కొంచెం చరిత్ర. ఈ బండి ఇంజను నాలుగు లీటర్లది, ఆరు సిలిండర్లూ ఒకే వరసలో ఉంటాయి. 1987 మోడల్‌తో అమెరికన్ మోటార్స్ కంపెనీ దాన్ని తెచ్చింది. ఆ ఏడాదే ఆ కంపెనీని క్రైస్లర్ కొనేసింది. 1990 మోడల్ దాకా ఇంజనును నడిపిన కంప్యూటరు రెనో, బెండిక్స్ కంపెనీల ఉమ్మడి సంతానం. రెనిక్స్ అని దాని పేరు. రెనిక్స్‌ది పరమహంసల మార్గం. తగిన యంత్రం తగిలించి అడిగితే ఇప్పుడేం జరుగుతోందో చెబుతుంది, నిన్నటి సంగతి అడిగితే నిన్నంటే ఏమిటంటుంది. తప్పులు మనసులో పెట్టుకోదు, దీపం వెలిగించదు, ఎవరిమీదా చాడీలు చెప్పదు. 1991లో క్రైస్లర్ దాన్ని తీసేసి తన సొంత కంప్యూటరు పెట్టింది. దీనికి జ్ఞాపకశక్తి ఉంది. జ్ఞాపకశక్తి ఉన్నచోట ఫిర్యాదు తప్పదు, ఫిర్యాదు ఉన్నచోట శాస్త్రం పుట్టక తప్పదు.

ప్రయోగ విధి సులభం. ఇంజను స్టార్టు చేయకూడదు. తాళం తిప్పి ఆన్, ఆఫ్, ఆన్, ఆఫ్, ఆన్. ఇదంతా అయిదు సెకన్లలో అయిపోవాలి. ఆచమనం కూడా మూడుసార్లే కాబట్టి మనవాళ్లకిది చప్పున పట్టుబడుతుంది. తరవాత చెయ్యి తీసేసి దీపం వంక చూస్తూ కూర్చోవాలి. ఒకసారి మినుక్కుమని, రవ్వంత ఆగి, రెండుసార్లు మినుక్కుమంటే పన్నెండు. అంకెకూ అంకెకూ మధ్య విరామం హ్రస్వం, సంఖ్యకూ సంఖ్యకూ మధ్య దీర్ఘం. చివర అయిదు, మళ్లీ అయిదు వస్తాయి. యాభై అయిదంటే ‘ఇంక నేను చెప్పేదేం లేదు’ అని. చెప్పాల్సిన తప్పు ఒక్కటీ లేకపోయినా యాభై అయిదు మాత్రం చెప్పి కూర్చుంటుంది. మాట ముగించడంలో ఈ కంప్యూటరుకున్న మర్యాద మన సభాధ్యక్షులకు లేదు.

హ్రస్వదీర్ఘాల తేడా తెలియనివాడు ఈ శాస్త్రంలో వేలు పెట్టకూడదు. నిదర్శనం చెబుతాను. డల్లాస్ శివార్లలో, మా గ్యారేజీ ముందు, దీపం స్పష్టంగా కనపడేటట్టు పొద్దు వాలాక కూర్చున్నాం. తాళం నా చేతిలో ఉంది. పక్కసీట్లో మా బావమరిది, ఒళ్లో కరెంటు బిల్లు కవరు, చేతిలో పెన్ను. విజయవాడ ఆటోనగర్‌లో లారీల మధ్య పెరిగినవాడు. అమెరికా చూద్దామని వచ్చి నా జీపు చూస్తున్నాడు. నేను మూడోసారి ఆన్ చేసి చెయ్యి తీశాను. అతను పెన్ను మూత తీస్తున్నాడు.

‘‘రాశావా?’’

‘‘రాశా బావా. ఇరవై అయిదు, పదిహేను, తరవాత ఒట్టి అయిదు.’’

‘‘ఒట్టి అయిదేమిట్రా? ఒంటి అంకె ఉండదు ఇందులో.’’

‘‘నీ బండి, నీ లెక్క. నాకు కనపడ్డది రాశా.’’

మళ్లీ మూడు ఆచమనాలూ చేశాం. ఈసారి వచ్చినవి పన్నెండు, యాభై ఒకటి, యాభై అయిదు. మొదటిసారి అతను మూత తీస్తూ తొలి మినుకు జారవిడిచాడు. ఒకటి పోయి, రెండూ అయిదూ జతకూడాయి. ఒకటీ అయిదూ జతకూడాయి. చివరి అయిదు దిక్కులేనిదైంది. చిత్రమేమిటంటే ఇరవై అయిదు, పదిహేను కూడా శాస్త్రంలో ఉన్న సంఖ్యలే. ఇరవై అయిదు ఇంజను ఐడిలింగ్ చూసే మోటారుకు, పదిహేను వేగం చెప్పే సెన్సరుకు. ఆ కవరు పట్టుకుని స్పేర్ పార్ట్స్ కొట్టుకి వెళ్లి ఉంటే పెన్ను మూత చేసిన నేరానికి రెండు నిరపరాధులు ఉద్యోగం పోగొట్టుకునేవి. అందుకే లేఖకుడు ముందే మూత తీసుకుని కూర్చోవాలన్నది ఈ శాస్త్రంలో ప్రథమ సూత్రం. కంపెనీ మాన్యువల్లో ఇది లేదు.

ఇక పన్నెండు సంగతి. జీపు మతంలో పన్నెండంటే ‘ఈమధ్య ఎవరో నా బ్యాటరీ వైరు పీకారు’ అని. లోకంలో ఈ దీపానికి అన్నిటికన్నా ప్రసిద్ధమైన వైద్యం అదే కదా. బ్యాటరీ తీగ విప్పి, టీ తాగొచ్చి, మళ్లీ బిగిస్తే కంప్యూటరు పాత ఫిర్యాదులన్నీ మరిచిపోతుంది, దీపం ఆరుతుంది, యజమాని జబ్బు నయమైందనుకుంటాడు. ఈ కంప్యూటరు మరవడం మరుస్తుంది గానీ, తనచేత మరిపించారన్న సంగతి మాత్రం మరవదు. ఆ తరవాత సుమారు 50 సార్లు తాళం తిప్పేదాకా అడిగినప్పుడల్లా పన్నెండని సాక్ష్యం చెబుతూనే ఉంటుంది. నేను బావమరిది వైపు చూశాను.

‘‘పొద్దున నేనే పీకి పెట్టాలే బావా. దానికింత పురాణం ఎందుకు, మళ్లీ ఓసారి పీకితే పోలా?’’

ఇది ఈ శాస్త్రానికి పూర్వపక్షం. ఆటోనగర్ సంప్రదాయంలో గట్టి మతమే. ఖండనకు ఎక్కువ శ్రమపడనక్కర్లేదు. పొద్దున పీకితే పోయిన యాభై ఒకటి, మధ్యాహ్నం కూరగాయలకు వెళ్లొచ్చేసరికి తిరిగొచ్చి తన చోట తను కూర్చుంది.

అయితే పన్నెండు గురించి మతభేదాలు చూపకుండా ముందుకు పోతే గ్రంథానికి పాండిత్యం చాలదు. సుజుకీ సమురాయ్ మన జిప్సీకి దగ్గర చుట్టం; అందులో ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చాక పన్నెండంటే ‘సర్వం క్షేమం’. జనరల్ మోటార్స్ వాళ్ల పాత బ్లేజర్‌లో కనెక్టరు రంధ్రాలు రెంటికీ పేపర్ క్లిప్పు గుచ్చితే పన్నెండు మూడుసార్లు చెబుతుంది. ఇంజను తిరగడం లేదు, నేను మాత్రం మేలుకునే ఉన్నానని భావం. టొయోటా ల్యాండ్ క్రూయిజర్‌కు పన్నెండు నిజంగానే జబ్బు. ఇంజను తిరుగుతున్నట్టు తనకు కబురు అందలేదంటుంది. జబ్బేమీ లేకపోతే ఆ దీపం అంకెల్లేకుండా టకటకా కొట్టుకుంటూనే ఉంటుంది, అది చూసి కొత్తవాడి గుండె అంతకన్నా వేగంగా కొట్టుకుంటుంది. ఫోర్డ్ బ్రాంకో వాళ్లయితే క్షేమానికి పదకొండు పెట్టుకున్నారు. అదే పదకొండు జీపులో వస్తే క్రాంక్ షాఫ్టు జాడ తెలియడం లేదని అర్థం. ఒకే మినుకు ఒక వాకిట్లో మంగళవాద్యం, పక్క వాకిట్లో అపశకునం. ముగ్గురు మతాచార్యులు ఒకే సూత్రాలకు మూడు భాష్యాలు రాసినప్పుడు ఎవరూ ఇంత విడిగా పోలేదు.

1996 మోడల్ నుంచి అమెరికా ప్రభుత్వం కార్లన్నిటికీ ఒకే భాష ఉండాలంది. పదహారు పిన్నుల కనెక్టరు, ‘పి’తో మొదలయ్యే సంకేతాలు. పి తరవాత సున్నా వస్తే అందరికీ ఒకటే అర్థం, ఒకటి వస్తే మళ్లీ ఆ కంపెనీ సొంత గొడవ. అద్వైతం సిద్ధించాక కూడా ఎవరి మడి వాళ్లు కట్టుకోవడానికి కాస్త చోటు ఉంచుకున్నారన్నమాట. ఆ సంగతి మనకు అక్కర్లేదు. మన బండి అంతకుముందు పుట్టింది.

ఇప్పుడు యాభై ఒకటి. పంచాంగం వెనక పేజీల్లో బల్లిపాటు పట్టిక ఉంటుంది చూశారా: భుజం మీద పడితే ఇది, పాదం మీద పడితే అది. చాలామంది ఈ సంకేతాల పట్టికను కూడా అలాగే చదువుతారు. ఇరవై ఒకటి పడిందా, ఆక్సిజన్ సెన్సరు మార్చు. ఇరవై నాలుగు పడిందా, థ్రాటిల్ సెన్సరు మార్చు. పట్టికలో ఉన్నది నిజానికి వాద్యం పేరు, అపశ్రుతి కారణం కాదు. ఆ వైరులోంచి వచ్చే మాట కంప్యూటరుకు నమ్మేట్టుగా లేదు, అంతే. వైరు తెగిందో, కనెక్టరులో పచ్చగా కిలుము పట్టిందో, మాట నిజమే అయి బండే అలా ఉందో అది చెప్పలేదు. పదిహేడు తీసుకోండి: ఇంజను ఎంతకీ వేడెక్కడం లేదని. చాలాసార్లు తెరుచుకుని బిగుసుకుపోయిన థర్మోస్టాట్ ఆ పని చేస్తుంది. వేడి కొలిచే సెన్సరు నిజం చెప్పినందుకు దాన్నే పీకి పారేస్తారు.

యాభై ఒకటి అంటే ‘గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ; ఎంత పోసినా చాలడం లేదు’. కంప్యూటరు ఈ నిర్ణయానికి ఎలా వచ్చిందో తర్కశాస్త్రం ప్రకారం చూడాలి. పొగగొట్టంలో కూర్చున్న సెన్సరుకు ఆక్సిజన్ మిగిలినట్టు కనపడింది. ఇది హేతువు. ఆక్సిజన్ మిగిలిందంటే దాన్ని కాల్చడానికి పెట్రోలు చాలలేదు. ఇది వ్యాప్తి. కొండ మీద పొగ చూసి నిప్పుందన్నంత దిట్టంగానే ఉంది. అయితే ఈ వ్యాప్తిలో చెప్పకుండా దాచిన షరతు ఒకటి ఉంది: ఆ ఆక్సిజన్ సిలిండర్లలోంచే వచ్చి ఉండాలి. ఇలాంటి చాటు షరతునే తార్కికులు ఉపాధి అంటారు. మెకానిక్కులకూ అదే ఉపాధి.

ఈ నాలుగు లీటర్ల ఇంజనుకు ఆ కాలంలో ఒక వంశపారంపర్య రోగం ఉంది. పొగను పోగుచేసి గొట్టంలోకి పంపే ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్, పైపులు కలిసే అతుకు దగ్గర, చీలుతుంది. పొగ ఒకే ధారగా రాదు, దెబ్బదెబ్బగా వస్తుంది. దెబ్బకూ దెబ్బకూ మధ్య గొట్టంలో వెలితి ఏర్పడి ఆ చీలికలోంచి బయటి గాలిని లోపలికి పీలుస్తుంది. కింద సెన్సరుకు ఆ గాలి తగులుతుంది. ఆక్సిజన్ ఉందంటుంది, ఉన్నమాటే. కంప్యూటరు పెట్రోలు పెంచుతుంది. ఇంకా ఉందంటుంది. ఇంకా పెంచుతుంది. అలా నిజంగా పెట్రోలు కొట్టుకుపోతున్న ఇంజనుకు పెట్రోలు చాలడం లేదని దీపం వెలుగుతుంది. యజమాని ఆక్సిజన్ సెన్సరు మారుస్తాడు. కొత్త సెన్సరు కూడా నిజమే చెబుతుంది.

నిర్ధారణకు ప్రత్యక్ష ప్రమాణం ఉంది. పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేసి బానెట్ ఎత్తి వినాలి. టిక్, టిక్, టిక్ అని సన్నటి చప్పుడు వస్తుంది. ఇనుము వేడెక్కి సాగి చీలిక మూసుకునేకొద్దీ తగ్గుతుంది. అందుకే మధ్యాహ్నం మెకానిక్ దగ్గరికి తీసుకెళితే ఆయనకు వినపడదు. ఇంజను ఆపి, చల్లారాక టార్చి వేసి చూస్తే అతుకు మీద మసి చార ఉంటుంది, వెంట్రుక మందాన. మా బావమరిది అక్కడే ఆటోనగర్ విద్య చూపించాడు. చెవి దగ్గర పొడుగాటి స్క్రూడ్రైవర్ పిడి ఆనించుకుని, రెండో కొన ఒక్కో పైపు మీద పెడుతూ పోయి, వెనక పైపు దగ్గర ఆగాడు. ‘‘ఇక్కడ తేడా ఉంది,’’ అన్నాడు. మసి చార అక్కడే ఉంది. పూర్వపక్షి చేతే సిద్ధాంతం చెప్పించడం మన గ్రంథాల్లో అరుదు గానీ, ఇక్కడ తప్పలేదు.

దీపమే వెలగని బండి గురించి కూడా చెప్పాలి. ఆరోగ్యంగా ఉన్న జీపులో తాళం తిప్పగానే ఈ దీపం మూడు సెకన్లు వెలిగి ఆరాలి. బల్బు బతికే ఉందని రుజువు. పాత బండి కొనేటప్పుడు మనవాళ్లు టైరు తంతారు, తలుపు వేసి చప్పుడు వింటారు, ఆ మూడు సెకన్లు మాత్రం చూడరు. అమ్మేవాడు బల్బు పీకి ఉండవచ్చు, దాని మీద నల్ల టేపు అంటించి ఉండవచ్చు. తర్కంలో దీన్ని ఏ ప్రమాణం కింద చేర్చాలో తేలలేదు. వ్యాపారం కింద చేర్చుకోవడం మేలు.

చివరగా ముప్పై మూడు. ఏసీ కంప్రెసర్‌ను కలిపే క్లచ్ రిలే సర్క్యూట్ దొరకడం లేదని దీనర్థం. అదే కాలం నాటి రాంగ్లర్ జీపులు కొన్ని ఏసీ లేకుండానే ఫ్యాక్టరీ దాటాయి. వాటిని అడిగినా ముప్పై మూడు వస్తుంది. ఏమీ చెడలేదు, చెడడానికి అక్కడేమీ లేదు. వైశేషికులు లేకపోవడాన్ని కూడా ఒక పదార్థంగా లెక్కపెట్టి నాలుగు రకాలు చేశారు. ఇంకా రానిది, ఉండి పోయినది, ఇది అది కానిది, ఏనాడూ లేనిది. రిపేరు శాస్త్రం మొత్తం రెండో రకం మీద నడుస్తుంది. ముప్పై మూడు ఒక్కటే నాలుగో రకం, అచ్చమైన అత్యంతాభావం. మాన్యువల్ పట్టుకున్నవాళ్లు దాన్ని పట్టించుకోవద్దంటారు. మా వీధి చివర ఒకాయనకు అలాంటి రాంగ్లర్ ఉంది. జూలైలో, డల్లాస్ ఎండలో, మా బావమరిదిని అందులో ఎక్కించుకుని చెరువు దాకా తీసుకెళ్లాడు. తిరిగొచ్చాక అతను చొక్కా పిండుకుంటూ, ఆ ఫిర్యాదులో తప్పేమీ లేదన్నాడు.